హనుమప్ప ఎక్కిన గుర్రము

గద్వాల కోట గోడల నడుమ చెన్నకేశవస్వామి ఆలయము నేటికిని ఉన్నది. ఆ కోట కట్టించిన పెద సోమభూపాలుని జనము సోమనాద్రి అని పిలుచుకొన్నారు. కృష్ణకు, తుంగభద్రకు మధ్యనున్న ఆ నడిగడ్డలో ఆయన పేరుతో పాటు ఒక గుర్రము కథ కూడ నిలిచియున్నది. ఆ సీమవాడే అయిన సురవరం ప్రతాపరెడ్డిగారు ‘హైందవ ధర్మవీరులు’లో సోమనాద్రి చరిత్ర వ్రాసినారు. అయినను ఈ కథ గ్రంథములకంటె ఎక్కువగా నోటిమాటగానే బ్రతికినది.

కథ ఇట్లు చెప్పుకొంటారు. కర్నూలు నవాబుతో జరిగిన పోరులో సోమనాద్రి గుర్రము శత్రువుల చేత చిక్కినది. గుర్రము పోయిన దొర సగము ఓడినట్లే. దానిని తెచ్చినవానికి జాగీరు ఇత్తునని ఆయన ప్రకటింపగా హనుమప్ప నాయకుడను సేవకుడు ముందుకు వచ్చినాడు. గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని, గడ్డి అమ్ముకొనువాని వేషమున నవాబు దండులో ప్రవేశించినాడు. గుర్రము ఎక్కడ ఉన్నదో చూచుకొని, ఆ దాపుననే గడ్డిలో దాగినాడు. గుర్రపువాడు వచ్చి, గడ్డి క్రింద మనిషి ఉన్నాడని ఎరుగక, కట్టుమేకును నేలలోనికి దిగగొట్టినాడు. అది హనుమప్ప చేతిలోనుండి దిగినది. అతడు కిక్కురుమనలేదు. దండు నిద్రపోయిన తరువాత చేయి ఊడదీసికొనజూచినాడు, రాలేదు. రెండవ చేత కత్తి పట్టి, మేకు పట్టిన చేతిని తానే నరుకుకొని, గుర్రమెక్కి వచ్చినాడు.

బడిలో ఈ కథ చెప్పినపుడు చేయి నరుకుకొన్న ఘట్టము దగ్గర పిల్లలు ఊపిరి బిగబట్టుతారు. తరువాతి మాట, ‘గుర్రమెక్కి వచ్చినాడు’ అన్నది, ఎవరికిని ఆనదు. గుర్రపుస్వారి నేర్చినవారికి మాత్రము ఆశ్చర్యము అక్కడనే మొదలగును. కథ హనుమప్పను సేవకుడనియే చెప్పుచున్నది. పేరుమోసిన రౌతు అని చెప్పుట లేదు. ఒకరి చేతికి అలవాటుపడిన మేలుజాతి గుర్రమును మరియొకడు ఎక్కి దౌడు తీయించుట ఎట్టి పని?

యుద్ధాశ్వముల కాలము గడచిపోయినది. నేడు అట్టి వేగమును ఎరుగదలచినవాడు పందెపు గుర్రమును ఆశ్రయింపవలసినదే. మన ప్రాంతములో దానికి చిరునామా హైదరాబాదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కాలమున, 1886లో, పందెములు మౌలాలీనుండి మలకపేటకు వచ్చినవి. (హైదరాబాదు గుర్రముల చరిత్రలో పాలమూరు సీమకు ఇంకొక పాలున్నది. వనపర్తి రాజులు పోషించిన ఆఫ్రికా రౌతుల దళము నిజాము కొలువులో చేరినది, నగరములో ఏ.సీ. గార్డ్స్ అను పేట పేరు వారిదే.) పందెములనుండి తప్పించిన గుర్రములు కొన్ని స్వారీ నేర్పు బడులకు చేరుతవి. సరదాకు స్వారీ నేర్చినవానికి పందెపు గుర్రము వీపు దొరుకుట సాధారణముగా అక్కడనే.

ఎక్కిన క్షణముననే తేడా తెలియును. బడిలోని ముసలి గుర్రము పీటవలె నిలుచును, ఇది నిలువదు. నాలుగైదు వందల కిలోల ఆ దేహము చర్మముమీద ఈగ వాలినను గుర్తించును. ఇక రౌతు తొడలలోని వణకును గుర్తింపదా? జీను చిన్నది. రికాబులు పొట్టిగా కట్టియుండుటచేత మోకాళ్ళు పైకి వచ్చును. కూర్చుండుటకు వీలులేదు, రికాబులలో పాదముల ముందుభాగము ఆనించి, నడుము వంచి, గుర్రము మెడమీదికి ఒరిగి నిలువవలెను.

దౌడు అందుకొన్న తరువాత మొదట చెవులు పోవును. గాలి హోరులో పక్కవాని కేక వినబడదు. గుర్రము అడుగు అడుగునకు ఒక్కొక్క ఊపిరి తీయును. సెకనుకు రెండుసార్లకు పైగా ఆ బుసబుస లయ తప్పక సాగును. నాలుగు గిట్టలును నేలను విడిచిన ఒక రెప్పపాటు ప్రతి అంగలోను ఉన్నది. గంటకు 60 కిలోమీటర్ల వేగమన్నది మోటారులో కూర్చున్నవానికి లెక్కలోనిది కాదు. ప్రాణమున్న జంతువుమీద, పట్టుకొనుటకు రెండు తోలుపట్టెలు తప్ప ఏమియు లేనపుడు అది వేరు వేగము. బాహుకుడు తోలిన రథమునుండి ఋతుపర్ణుని ఉత్తరీయము జారిపడగా, దానిని తెమ్మనునంతలో యోజనము దాటిపోయినదన్న భారతకథ కొత్తవానికి అపుడు అతిశయోక్తిగా తోచదు.

భయపడినవాడు చేయు మొదటి పని పగ్గములు బిగించి లాగుట. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది. పందెపు గుర్రమును కళ్ళెముమీద బరువానించి పరుగెత్తుటకు అలవాటు చేసినారు. లాగినకొలది దానికి ఆనుకొనుటకు ఆధారము దొరకును. మరింత జోరు చేయును. జారిపోకుండుటకు కాళ్ళు బిగించినచో, అదియు దానికి ‘పద’ అన్న మాటయే. మనిషి ‘ఆగు’ అని అరచుచుండగా అతని చేతులు, కాళ్ళు ‘పరుగెత్తు’ అని చెప్పుచుండును. గుర్రము దేహము చెప్పినదానిని నమ్మును. అనుభవజ్ఞులు పగ్గములను ఒకదానిమీద నొకటి చేర్చి, పిడికిళ్ళు మెడమీద ఆనించి ఊరకుందురు. అపుడు గుర్రము తన మెడను తానే లాగుకొని విసుగును. చేతులు ఊరకుండుట నేర్చుటకు ఏండ్లు పట్టును.

రౌతు వంగి నిలుచుట అందమునకు కాదు. పూర్వము పందెములలో కూడ నిటారుగా కూర్చుండెడివారు. 19వ శతాబ్ది చివర అమెరికా రౌతు టాడ్ స్లోన్ ఇంగ్లండులో ఈ వంపు స్వారిని చూపగా కోతి కూర్చున్నట్లున్నదని నవ్వినారు. పిమ్మట అందరును దానినే పట్టినారు. పందెముల వేగము పెరిగినది. 2009లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన పరిశోధన దీనికి కారణము చూపినది. వంగినవాని మోకాళ్ళు, తొడలు కుదుపును మ్రింగును. గుర్రము అతని బరువు మోయునే గాని, ప్రతి అంగకు అతనిని ఎగవేసి దింపు శ్రమ దానికి తగ్గును. ఆ శ్రమ రౌతు తొడలకు వచ్చును. కొత్తవాడు ఒక కిలోమీటరు దాటునప్పటికి కాళ్ళు వణకి, జీనుమీద కూలబడును. దిగిన తరువాత నిలువబడలేడు. పిడికిలి తెరచుకొనదు, గుర్రపువాడు వచ్చి వ్రేళ్ళు విడదీసి పగ్గములు తీసికొనవలసి వచ్చును.

ఇంత బాధపడియు మరల ఎక్కుదురు. స్పెయిన్ దేశపు ఆల్బుర్కెర్కె ప్రభువు ఇంగ్లండులోని గ్రాండ్ నేషనల్ పందెములో 1952లో తొలిసారి పాల్గొని, పడి, ఆసుపత్రి పాలైనాడు. మరల మరల వచ్చినాడు. మరల మరల పడినాడు. 1974లో, 55వ ఏట, కొద్దిరోజుల ముందే విరిగిన మెడయెముకతో (మెడక్రింద భుజమునకు పోవు ఎముక) నెరియో అను గుర్రముమీద ముప్పది అడ్డంకులను దాటి ఎనిమిదవవాడుగా వచ్చినాడు. బ్రతుకుతెరువునకు స్వారి చేయువాడు అట్టి దేహముతో ఇంట పడుకొనును.

హనుమప్పది సరదా కాదు. నెత్తురు కారుచున్న మొండిచేయి, చుట్టును శత్రువుల గుడారములు, చీకటి. అతనికి అనుకూలించినవి రెండే. యుద్ధపు గుర్రమును ఒంటిచేతి స్వారీకే మలచుదురు. రెండవ చేత కత్తియో, బల్లెమో ఉండవలెను గదా. కళ్ళెమును రెండుచేతుల లాగు పొరపాటుకు అతనికి తావే లేదు. రెండవది, చీకటిలో గుర్రము చూపు మనిషి చూపుకంటె మేలు. ఇంటిదారి పట్టిన గుర్రమునకు త్రోవ చూపనక్కరలేదు. ఆ చేత పగ్గములతో పాటు జూలును గుప్పిట పట్టి, మెడమీద వాలి, దాని ఇష్టమునకు విడిచియుండును. నిలువలేని మనిషి అంతకుమించి చేయలేడు. ఆ రాత్రి సోమనాద్రి దండుకు మొదట వినబడినది గిట్టల చప్పుడై యుండును.