హార్డ్ డిస్కు కనబడనప్పుడు ఏమి చేయాలి?

పెండ్లి ఫోటోలు, పిల్లల మార్కుల జాబితాలు, పొలము కాగితముల నకళ్ళు ఒకప్పుడు ట్రంకుపెట్టెలో ఉండేవి. ఇప్పుడు అనేక ఇండ్లలో అవి అరచేతిలో ఇమిడే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో ఉంటున్నవి. మన మధ్య లేని నాయనమ్మ మాట్లాడిన వీడియో కూడ అందులోనే ఉండవచ్చు. ఒకనాడు దానిని కంప్యూటరుకు తగిలిస్తే ఏమీ కనబడదు. ఇంటిల్లిపాది గుండె గుభేలుమంటుంది.

అయితే డిస్కు కనబడకపోవుట వేరు, అందులోనివి పోవుట వేరు. చాలసార్లు లోపము తీగలోనో, కరెంటులోనో ఉంటుంది. తొందరపడి చేసే పనివలననే ఎక్కువ నష్టము కలుగుతుంది. గనుక ఒక వరుస ప్రకారము చూచుకొనవలెనని మేము కోరుచున్నాము.

మొదట చెవి పెట్టి వినండి

హార్డ్ డిస్కు లోపల అద్దమువంటి పళ్ళెము తిరుగుతుంది. చిన్న డిస్కులలో అనేకము నిమిషమునకు 5400 సార్లు తిరుగుతవి. చదివే ముల్లు పళ్ళెమునకు తగలకుండ తేలుతూ ఉంటుంది. ఆ రెంటి మధ్య సందు మన తలవెంట్రుక మందములో వెయ్యో వంతుకంటె తక్కువ. అందుచేత క్రింద పడిన డిస్కు, టక్‌టక్ మనియో గరగరమనియో శబ్దము చేసే డిస్కు ఉంటే వెంటనే తీగ తీసివేయండి. క్రింద పడనిదైతే, కరెంటు చాలకపోయినను టక్‌టక్ మనవచ్చు గనుక మంచి తీగతో ఒక్కసారి చూడవచ్చు. అప్పటికీ శబ్దము మానకపోతే ఇక తగిలించవద్దు. ఎస్.ఎస్.డి. అనే రకములో తిరిగేది ఏమీ లేదు గనుక అది నిశ్శబ్దముగానే ఉంటుంది.

తీగ, కరెంటు

మెత్తని చప్పుడుతో తిరుగుచున్నదా? అయితే తీగ మార్చి చూడండి. కొన్ని ఫోను తీగలు ఛార్జింగుకు మాత్రమే పనికివచ్చును, సమాచారమును మోయవు. తరువాత వేరే రంధ్రములో పెట్టండి. యు.ఎస్.బి. 2.0 రంధ్రము 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 రంధ్రము 900 మిల్లీ ఆంపియర్లు ఇవ్వవలెనని నియమము. మొదటిది కొన్ని డిస్కులకు చాలదు. బల్లమీది కంప్యూటరైతే వెనుకవైపు రంధ్రము మంచిది. మధ్యలో హబ్ ఉంటే తీసివేయండి. పెద్ద డిస్కులకు వేరే అడాప్టరు ఉంటుంది. దాని స్థానములో ఇంటిలో దొరికిన మరొక అడాప్టరు పెట్టవద్దు. వోల్టేజి తేడా ఉంటే డిస్కు కాలిపోవచ్చు. చివరకు పొరుగింటి కంప్యూటరులో పెట్టి చూడండి. అక్కడ కనబడితే లోపము మీ కంప్యూటరుదే.

కంప్యూటరు లోపల చూచుట

విండోస్‌లో స్టార్టు బొమ్మపై కుడి బటను నొక్కి 'డిస్క్ మేనేజ్‌మెంట్' తెరవండి. డిస్కు అక్కడ ఉండి, దానికి అక్షరము మాత్రము లేకపోతే, 'ఛేంజ్ డ్రైవ్ లెటర్' అనుచోట ఒక అక్షరము ఇస్తే చాలు. అక్కడ కూడ లేకపోతే 'డివైస్ మేనేజర్'లో దాని పేరు వెదకి, 'అన్ఇన్‌స్టాల్' చేసి, డిస్కు తీసి, కంప్యూటరును తిరిగి ఆన్ చేసి, మరల తగిలించండి. దీనివలన ఫైళ్ళు చెరిగిపోవు. ఆపిల్ మ్యాక్‌లో వాడిన డిస్కును విండోస్ చదువలేకపోవచ్చును. అది చెడిపోయినదనుకొనక, మ్యాక్‌లోనే పెట్టి చూడండి.

చేయకూడని పనులు

'ఫార్మాట్ చేయవలెనా?' అనిగాని, 'ఇనిషియలైజ్ చేయవలెనా?' అనిగాని కంప్యూటరు అడిగితే, అందులోనివి కావాలనుకొన్నవారు ఒప్పుకొనకూడదు. 'క్యాన్సిల్' నొక్కండి. డిస్కు నెమ్మదిగా తెరచుకొన్నా, ముందు ముఖ్యమైనవి వేరేచోట నకలు చేయండి. ఆ తరువాతనే మరమ్మతు. రికవరీ సాఫ్ట్‌వేరుతో దొరికిన ఫైళ్ళను అదే డిస్కులో దాచవద్దు. ఫ్రిజ్‌లో పెట్టుట, అరచేతితో కొట్టుట, మూత విప్పుట మేలు చేయవు. దుమ్ము లేని ప్రత్యేకమైన గదిలో తప్ప దానిని విప్పకూడదు. లోపలి భాగమే చెడితే సమాచారమును వెలికితీసే నిపుణులున్నారు. ఖర్చు ఎక్కువే. గనుక ముందుగా ధర అడిగి, డిస్కులో ఉన్నది అంత విలువైనదా అని ఇంటిలో అందరూ కలిసి నిర్ణయించుకొనండి.

మందుకంటె పథ్యము మేలు

ఒక్కచోట మాత్రమే ఉన్నది భద్రముగా ఉన్నదనుకొనరాదు. మొత్తము 3 ప్రతులు, 2 రకముల సాధనములలో, వాటిలో 1 ఇంటి వెలుపల ఉండవలెనని తెలిసినవారు చెప్పుదురు. ఒకటి కంప్యూటరులో, ఒకటి డిస్కులో, ఒకటి పట్నములోని అన్నగారింట ఉంచవచ్చును. సంఘపు వివాహ రిజిస్టర్ల నకళ్ళు దాచే పెద్దలకు కూడ ఇదే మాట. డిస్కు తీయునప్పుడు 'ఎజెక్ట్' నొక్కిన తరువాతనే తీగ లాగండి. నడుచుచున్న డిస్కును కదపవద్దు.

మీ ఇంటిలో నాయనమ్మ వీడియో ఒకే ఒక్క డిస్కులో ఉంటే, అది బాగుగా పనిచేయుచున్న ఈ వారములోనే మరొక నకలు తీసిపెట్టండి. ఆ పని ఇంటిలోని పిల్లలకు అప్పగించినా సంతోషముగా చేసిపెట్టుదురు.