మీకు తెలుసా? దోమల లెక్క

మలేరియాను మోసేది దోమే అనడానికి కీలక ఆధారం 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దొరికింది. అనాఫిలిస్ దోమ పొట్టగోడలో రొనాల్డ్ రాస్ పరాన్నజీవిని చూశారు. 1902లో నోబెల్ వచ్చింది. అంతకంటే తక్కువగా తెలిసినది, అంతే విలువైనది ఆయన గణితం.

దోమలన్నిటినీ చంపడం ఎవరి తరం అన్న ప్రశ్నకు 1908 మారిషస్ నివేదికలో రాస్ జవాబిచ్చారు. నాలుగు దోమల్లో ఒకటే మనిషిని కుడుతుందని, మూడింట ఒకటే పరాన్నజీవి ఎదిగేదాకా బతుకుతుందని అనుకుని గుణిస్తూ పోయారు. దోమల సంఖ్య ఒక హద్దు కిందికి దిగితే చాలు, ఒక రోగి నుంచి సగటున ఒకరికైనా జబ్బు అంటదు; మలేరియా దానంతటదే సన్నగిల్లుతుంది. కోవిడ్ రోజుల్లో వార్తల్లో నలిగిన ‘ఆర్’ సంఖ్య వెనకున్నదీ ఇదే ఆలోచన.

దూరం లెక్క ఇంకా ముందే, 1904లో వేశారు. దోమ ఎటుపడితే అటు ఎగిరినా చాలావరకు పుట్టిన గుంట దగ్గర్లోనే ఉండిపోతుంది. అందుకే హనుమకొండ సుబేదారిలో నీటి నిల్వలన్నీ తొలగిస్తే నడిమధ్య ఇళ్లకే మేలు ఎక్కువ. అంచు వీధులకు పక్క కాలనీల దోమలు వస్తూనే ఉంటాయి.