ఆ మాట ఎవరితో అన్నాడు?

క్రైస్తవ వివాహ వేదికపై తప్పక వినిపించే ఉపదేశం ఒకటుంది. ఆలుమగల బంధం దైవనిర్మితం కనుక దానిని తెంచే అధికారం మానవునికి లేదన్నది దాని సారాంశం. పెళ్ళికి వెళ్ళిన ప్రతివారూ విన్న మాటే ఇది. అయితే అది ఏ సందర్భంలో పుట్టిందో, ఎవరి ప్రశ్నకు జవాబుగా వచ్చిందో ఆ వేదికపై సాధారణంగా చెప్పరు. బంధుమిత్రులు విందు కోసం ఎదురుచూసే ఆ వేళ అంత వివరం చెప్పడానికి వీలూ ఉండదు. తీరిక దొరికిన ఈ ఆదివారం ఆ సందర్భాన్ని ఒకసారి పరికిద్దాం.

మత్తయి సువార్త 19వ అధ్యాయంలోనూ, మార్కు సువార్త 10వ అధ్యాయంలోనూ ఈ ఘట్టం కనిపిస్తుంది. యేసు ప్రభువు యొర్దాను అద్దరి ప్రాంతానికి వచ్చాడు. జనసమూహాలు వెంట ఉన్నాయి. పరిసయ్యులు సమీపించి, పురుషుడు భార్యను విడనాడడం ధర్మశాస్త్ర సమ్మతమేనా అని అడిగారు. తెలుసుకోవాలని కాదు, శోధించాలని అడిగారని సువార్తికులిద్దరూ స్పష్టంగా వ్రాశారు. ఆ శోధన ఎంత ప్రమాదకరమైనదో గమనించండి. యొర్దానుకు తూర్పున ఉన్న ఆ ప్రాంతం హేరోదు అంతిప ఏలుబడిలోనిది. అంతిప నబతీయ రాజైన అరెత కుమార్తెను వివాహమాడి, ఆమె ఉండగానే తన సోదరుని భార్య హేరోదియను కోరి తెచ్చుకున్నాడు. అది అధర్మమన్న పాపానికి బాప్తిస్మమిచ్చు యోహాను చెరసాల పాలై, చివరకు శిరస్సునే కోల్పోయాడు. యోహాను మరణించినది ఆ తూర్పు ప్రాంతంలోని మకేరు కోటలోనని యూదు చరిత్రకారుడు జోసిఫస్ వ్రాశాడు. భర్త తలంపును ముందే పసిగట్టిన అరెత కుమార్తె కూడా ఆ కోట మీదుగానే తండ్రి రాజ్యానికి తప్పించుకుపోయిందని ఆయన కథనం. అటువంటి గడ్డపై నిలబెట్టి విడాకుల సంగతి అడగడమంటే వల పన్నడమే కదా!

ఆ ప్రశ్న వెనుక మరొక వివాదమూ ఉంది. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో మోషే ధర్మశాస్త్రం, భార్యలో అనుచితమైనదేదో చూసి విడనాడే భర్త పరిత్యాగ పత్రిక వ్రాసి ఆమె చేతికివ్వడాన్ని ప్రస్తావిస్తుంది. ఆ 'అనుచితం' అంటే ఏమిటి? శీలభ్రంశం మాత్రమేనని షమ్మయి గురువు శిష్యులు వాదించారు. భర్త కోసం వండిన వంట పాడుచేసినా చాలునని హిల్లేలు శిష్యులు అన్నారు. తరువాతి తరానికి చెందిన అకీబా గురువు, ఆమెకంటే అందగత్తె మరొకతె కంటబడినా చాలునని తేల్చాడు. సుమారు క్రీ.శ. 200 నాటికి కూర్చిన మిష్నా గ్రంథంలో ఈ మూడు అభిప్రాయాలూ పక్కపక్కనే ఉన్నాయి. వారంతా విద్వాంసులే. వారిలో ఒక్కరైనా ఆ భార్య ఏమంటుందని అడిగినట్లు మాత్రం అక్కడ లేదు.

పరిత్యాగ పత్రిక స్త్రీ పాలిట శాపమని అనుకోవడం సబబు కాదు. ఇక ఏ పురుషుడినైనా వివాహమాడే స్వేచ్ఛ ఆమెకున్నదని చాటడమే దాని ప్రధానాంశం. అది లేకుండా గెంటివేస్తే ఆమె ఇటు భార్యా కాదు, అటు స్వతంత్రురాలూ కాదు. దానికి తోడు వివాహ ఒప్పంద పత్రం కూడా ఉండేది. విడనాడితే కన్యగా వచ్చిన భార్యకు 200 దీనారాలు, వితంతువుగా వచ్చిన భార్యకు 100 దీనారాలు చెల్లించాలన్నది కనీస నియమం. కూలివాని దినవేతనం ఒక దీనారమని ప్రభువు చెప్పిన ద్రాక్షతోట ఉపమానంలోనే ఉంది. అంటే ఇంచుమించు 200 రోజుల కష్టార్జితం. తొందరపాటుకు అదొక అడ్డుకట్ట. అయినా పత్రిక వ్రాసే కలం మాత్రం యూదు ధర్మం ప్రకారం భర్త చేతిలోనే ఉండేది.

ఇప్పుడు ప్రభువు జవాబు చూడండి. ఆయన షమ్మయి పక్షమూ వహించలేదు, హిల్లేలు పక్షమూ వహించలేదు. ఏ కారణానికి వదలవచ్చునన్న లెక్కలోకే దిగక, నేరుగా ఆదికాండం తొలి అధ్యాయాలకు వెళ్ళాడు. సృష్టికర్త స్త్రీపురుషులుగా సృజించాడనీ, పురుషుడు తల్లిదండ్రులను విడిచి భార్యను హత్తుకుని ఉండాలనీ, అప్పుడా ఇద్దరూ ఏకశరీరమనీ జ్ఞాపకం చేశాడు. ఇక్కడ ఒక చిన్న విశేషం. మన పెళ్ళిళ్ళలో అప్పగింతల వేళ కన్నీరు పెట్టేది ఆడపిల్ల. ఇల్లు విడిచేదీ ఆమే. మూల వాక్యంలో ఇల్లు విడువవలసినవాడు పురుషుడు! ఎన్ని ప్రసంగాలు విన్నా ఈ సంగతి మన చెవికి ఎక్కినట్లు లేదు.

మరి మోషే ఎందుకు అనుమతించాడని వారు రెట్టించారు. అది మీ హృదయ కాఠిన్యాన్ని బట్టి ఇచ్చిన వెసులుబాటే గాని ఆది సంకల్పం కాదన్నది ఆయన సమాధానం. ఆ కఠిన హృదయం ఎవరిది? కలం చేతబట్టి ఎదుట నిలిచిన భర్తలది. నిర్దోషి అయిన ఇల్లాలిని పంపివేసి మరొకతెను తెచ్చుకునేవాడు వ్యభిచారి అవుతాడని అనడంలో ఆయన దోషాన్ని భర్త మీద మోపాడు. మార్కు మరొక వాక్యం చేర్చి, భర్తను విడనాడే భార్యకూ అదే నియమం వర్తింపజేశాడు. రోమను చట్టం ఎరిగిన పాఠకులకు అది అవసరమే. శిష్యుల స్పందన మరీ విచిత్రం. భార్యతో పురుషుని బాధ్యత ఇంతటిదైతే అసలు పెళ్ళి మానుకోవడమే మేలని వారన్నారు. తప్పుకునే దారి మూసుకుపోగానే మగవారికి కలిగిన కలవరం అందులో వినిపించడం లేదూ!

ఇంతటి రక్షణవాక్యం కాలక్రమంలో కొన్ని ఇళ్ళలో సంకెలగా మారిందంటే బాధ కలుగుతుంది. దెబ్బలు తిని పుట్టింటికి చేరిన కూతురికి, విడాకులు పాపమమ్మా అని చెప్పి తిరిగి ఆ గుమ్మంలోకే పంపించే తల్లిదండ్రులున్నారు. వాక్యం అలా చెప్పిందా? మలాకీ ప్రవక్త తన గ్రంథం రెండో అధ్యాయంలో యౌవనకాలపు భార్యను విడనాడడాన్ని ఖండిస్తూ, ఆ వెంటనే దౌర్జన్యాన్నీ ఖండించాడు. ఒకదానిని బోధించి రెండోదానిని దాటవేయడం న్యాయం కాదు. పౌలు కొరింథు సంఘానికి వ్రాసిన మొదటి పత్రిక ఏడో అధ్యాయంలో, విశ్వాసం లేని జీవిత భాగస్వామి విడిచిపోతే మిగిలినవారు బంధంలో లేరన్నాడు. వివాహబంధం విషయంలో మిక్కిలి కఠినమైన కతోలిక సంఘం కూడా, 1983 నాటి తన ధర్మస్మృతి 1153వ నియమంలో, భాగస్వామి వల్ల శరీరానికో ఆత్మకో తీవ్రమైన ముప్పు ఉన్నప్పుడు విడిగా వెళ్ళిపోవడం న్యాయసమ్మతమని పేర్కొంది. అక్కడ బంధం రద్దు కాదు, కాపురం మాత్రమే ఆగుతుంది. కొన్ని సందర్భాలలో ఆ ఎడబాటు నైతికంగా అవసరమే కావచ్చునని పోప్ ఫ్రాన్సిస్ 2016లో కుటుంబంపై వెలువరించిన తన ఉపదేశంలో తెలిపారు. ప్రొటెస్టెంటు సంఘాలలో అనేకం మత్తయిలోని వ్యభిచార మినహాయింపునూ పౌలు మాటనూ ఆధారం చేసుకుని విడాకులను అంగీకరిస్తాయి. ఆర్థడాక్సు సంఘం పశ్చాత్తాప ప్రార్థనలతో పునర్వివాహానికి అనుమతిస్తుంది.

మన దేశపు చట్టం సంగతీ చెప్పుకోవాలి. 1869 నాటి భారతీయ విడాకుల చట్టం ప్రకారం క్రైస్తవ భర్త భార్య వ్యభిచారాన్ని రుజువు చేస్తే చాలు. భార్యకు అది చాలదు. వ్యభిచారానికి తోడు క్రూరత్వమో, రెండేళ్ళ పరిత్యాగమో జతపడాలి. కొట్టినంత మాత్రాన విడాకులు లేవు. పరిసయ్యులు ప్రశ్న అడిగిన నాటి తక్కెడే మరో రూపంలో కొనసాగిందన్నమాట! 1995లో కేరళ హైకోర్టు ఆ వివక్షను తప్పుపట్టింది. 2001లో పార్లమెంటు చట్టాన్ని సవరించి భార్యాభర్తలిద్దరికీ సమానమైన కారణాలనూ, పరస్పర అంగీకారంతో విడిపోయే మార్గాన్నీ కల్పించింది. సంఘ న్యాయస్థానం వివాహాన్ని చెల్లనిదిగా ప్రకటించినా అది పౌర చట్టం ముందు చెల్లదని సుప్రీంకోర్టు 1996లో తీర్పునిచ్చింది. ఈ సంగతి తెలియక మళ్ళీ పెళ్ళి చేసుకునేవారు చిక్కుల్లో పడతారు.

ఇక సంఘ పెద్దలకు ఒక విన్నపం. కలతలు రేగిన ఇంటికి మీరు వెళ్ళినప్పుడు చాలాచోట్ల ముందుగా భార్యను కూర్చోబెట్టి సహనాన్ని బోధించడం కనిపిస్తుంది. ఈసారి వెళ్ళినప్పుడు మత్తయి 19వ అధ్యాయం తెరచి, ముందుగా భర్తను పిలిపించి, ఆయన ఎదుట చదవండి.