టీచర్ చూపులో తేడా

టీచర్ జాత్యహంకారం అనగానే మనకు తిట్టే గుర్తొస్తుంది. పిల్లలు పసిగట్టేది తేడాని. ఇంగ్లండులో ఒక సెకండరీ బడిని దగ్గరుండి చూసి డేవిడ్ గిల్‌బార్న్ 1990లో పుస్తకం రాశాడు. తప్పు నలుగురిదైనా దెబ్బలాట ఆఫ్రో-కరీబియన్ పిల్లలతోనే. వాళ్ల నడక తీరు కూడా ధిక్కారమే! ఆ టీచర్లేమో సమానత్వాన్ని నిజంగానే నమ్మినవాళ్లు.

నా హైస్కూల్లోనూ అంతే. అల్లరి అందరిదీ, బెత్తం మా వాడ పిల్లలకి. మాస్టారు ఏనాడూ కులం పేరెత్తలేదు. ఇంటికెళ్లి ఏమని చెప్పాలి?

గ్రెనడా నుంచొచ్చి లండన్‌లో పాఠాలు చెప్పిన బెర్నార్డ్ కోర్డ్, వెస్టిండీస్ పిల్లల్ని 'మందబుద్ధుల' బళ్లలోకి ఎలా తోస్తున్నారో 1971లోనే రాశాడు. టీచర్ తక్కువ అంచనా వేస్తే పిల్లాడూ తనను అంతే అనుకుంటాడన్నాడు. 1981లో రాంప్టన్ కమిటీ, ఉద్దేశం లేకుండా జరిగేదాన్ని కూడా జాత్యహంకారమనే పిలిచింది.