ఓడలో కాపురం: గట్టు ఎంత దూరం?

2024 ఏప్రిల్ చివర్లో ‘ది వరల్డ్’ అనే ఓడ విశాఖపట్నం వచ్చింది. అంతకు ముందు సంవత్సరం సెప్టెంబరులో ప్రారంభమైన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ దగ్గర ఆగింది. 196 మీటర్ల పొడవున్న ఆ ఓడ పైకి మామూలు విహార నౌకలాగే కనిపిస్తుంది. విహార నౌకలో మనం కొన్నాళ్లకు గది అద్దెకు తీసుకుంటాం. 2002 నుంచి సముద్రాల మీద తిరుగుతున్న ఈ ఓడలో మాత్రం 165 నివాసాలున్నాయి. అందులో ఉండేవారే వాటి యజమానులు. ఓడ ఏ దేశం వైపు వెళ్లాలో అపార్ట్‌మెంట్ల సంఘంలాగా వారే కలిసి తేల్చుకుంటారు.

ఆ వార్త మా కొండపల్లి దాకా వచ్చింది. ఉద్యోగ విరమణ చేసినవారు నలుగురు కూర్చున్నచోట అప్పటి నుంచి ఒక ప్రశ్న వినిపిస్తోంది. పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో స్థిరపడ్డారు. ఇంత ఇంట్లో ఇద్దరమే మిగిలాం. ఇల్లు అమ్మేసి అలాంటి ఓడలో ఉండిపోతే వంట, ఊడ్చుడు, ఉతుకుడు ఏదీ మన పని కాదు, డాక్టరు కూడా ఓడలోనే ఉంటాడు కదా అని.

ఈ ఆలోచన కొట్టిపారెయ్యదగ్గది కాదు. లీ లిండ్‌క్విస్ట్, రాబర్ట్ గోలబ్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు 2004లో వృద్ధుల వైద్యానికి సంబంధించిన పత్రికలో ఒక లెక్క ప్రచురించారు. సహాయకులుండే వృద్ధుల వసతి గృహంలో 20 ఏళ్లు ఉంటే సుమారు 2,28,000 డాలర్లు, విహార నౌకలో ఉంటే సుమారు 2,30,000 డాలర్లు అవుతుందని తేల్చారు. రెండూ దాదాపు సమానం. అయితే అది అమెరికా లెక్క. అక్కడ వసతి గృహం ఖరీదైనది కాబట్టే ఓడ దానికి సరితూగింది. కొండపల్లిలో సొంత ఇంట్లో ఉంటూ వంటమనిషిని, పనిమనిషిని పెట్టుకున్నవారి ఖర్చుతో పోల్చి చూస్తే ఓడ ఖర్చు ఎన్నో రెట్లు ఉంటుంది.

నీటి మీద బతుకు కృష్ణా డెల్టాకు కొత్త కాదు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక దాని కాలువలు పొలాలకు నీరివ్వడంతో పాటు పడవలకు దారులయ్యాయి. కాలువ మట్టం మారేచోట లాకులు కట్టారు. లాకు అంటే రెండు తలుపుల మధ్య నీటిని పెంచి, తగ్గించి పడవను ఒక మట్టం నుంచి మరో మట్టానికి దాటించే కట్టడం. బందరు కాలువ, ఏలూరు కాలువల మీద ధాన్యమూ మనుషులూ పడవల్లోనే కదిలేవారు. సరంగులు, కళాసీలు రోజుల తరబడి పడవలోనే వండుకుని, పడవలోనే పడుకునేవారు. గాలి లేనప్పుడు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. ఉప్పు నిండుకుంటే గట్టెక్కి కొనుక్కునేవారు, జ్వరం వస్తే పక్క ఊళ్లోకి వెళ్లేవారు. వారికి గట్టు ఎప్పుడూ ఒక్క అడుగు దూరమే. సముద్రపు ఓడలో కాపురాన్నీ ఇదే కొలతతో కొలవాలి. అవసరం పడిన రోజున గట్టు ఎంత దూరంలో ఉంటుంది?

ముందు గది సంగతి. విహార నౌకలో కిటికీ లేని మామూలు గది 150 నుంచి 180 చదరపు అడుగులుంటుంది. 180 అడుగులంటే 20 గజాలు. మన వైపు 200 గజాల స్థలంలో అలాంటి గదులు పది పడతాయి. మంచం, బల్ల, బట్టల బీరువా, స్నానాల గది అన్నీ ఆ 20 గజాల్లోనే. ఇస్త్రీ పెట్టె, రైస్ కుక్కర్, దీపం, అగరుబత్తి గదిలో నిషేధం. నడిసముద్రంలో నిప్పు అంటుకుంటే బయటికి పరుగెత్తే వీధి ఉండదు, అందుకే ఆ నియమం. దీపం పెట్టనిదే రోజు మొదలుకాని ఇల్లాలు ఈ ఒక్క విషయం ముందే తెలుసుకోవాలి.

ధర దగ్గర రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ప్రకటనలో కనిపించే ధర సాధారణంగా గదికి ఇద్దరున్నప్పుడు ఒక్కొక్కరికి పడేది. దంపతుల్లో ఒకరు పోయి ఒకరు మిగిలితే, ఆ ఒక్కరే దాదాపు ఇద్దరి ధరా కట్టవలసి రావచ్చు. వృద్ధాప్యంలో ఇది ఊహించి తీరవలసిన పరిస్థితి. రెండోది, సిబ్బంది కోసం చాలా ఓడల్లో రోజువారీ వసూలు చేసే రుసుము. మనిషికి రోజుకు 16 డాలర్లనుకుంటే ఏడాదికి 5,840 డాలర్లు, ఇద్దరికి 11,680. వైద్యం, గట్టు మీద తిరిగే ఖర్చు ఇందులో లేవు. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం ఒక వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో విదేశాలకు పంపగలిగే పరిమితి 2,50,000 డాలర్లు. మామూలు గదికి అది సరిపోతుంది. ‘ది వరల్డ్’ వంటి ఓడలో ఇల్లు కొనాలంటే ఆ పరిమితే మొదటి అడ్డంకి.

డబ్బు ఉన్నా దాటవలసిన అసలు గోడ వీసా. ఓడ మీద ఎగిరే జెండా ఏ దేశానిదో ఓడ ఆ దేశానికి చెందుతుంది. ‘ది వరల్డ్’ బహమాస్ జెండాతో తిరుగుతుంది. అందులో పదేళ్లు ఉన్నా బహమాస్ పౌరసత్వం రాదు. మన చేతిలో ఉండేది భారత పాస్‌పోర్టే. ఓడ ఏడాదిలో ముప్పై దేశాల రేవుల్లో ఆగితే వాటిలో ఏవేవి మన పాస్‌పోర్టుకు ముందస్తు వీసా అడుగుతాయో ప్రయాణికుడే చూసుకోవాలి. కొన్ని దేశాలు ఓడలోంచి దిగనివారిని పట్టించుకోవు. అమెరికా వంటివి దిగినా దిగకపోయినా వీసా అడుగుతాయి. ఒక్క వీసా లేకపోయినా ఓడ సంస్థ ఎక్కనివ్వకపోవచ్చు, మధ్యలో దింపేయవచ్చు.

ఐరోపా సంగతి ఇంకా వివరంగా చూడాలి. షెన్‌గెన్ వీసా, అంటే ఐరోపాలో ఇరవై తొమ్మిది దేశాలకు కలిపి చెల్లే ఒకే అనుమతి, ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకు మించి ఉండనివ్వదు. వేసవంతా మధ్యధరా సముద్రంలో తిరిగే ఓడలో ఈ లెక్క త్వరగానే నిండుతుంది. వీసా గడువు ఓడలో ఉండగా తీరితే, చాలా దేశాల విషయంలో వేలిముద్రలివ్వడానికో ఇంటర్వ్యూకో మళ్లీ హైదరాబాదు వంటి నగరానికి రావలసి ఉంటుంది. అమెరికా, కెనడా పాస్‌పోర్టులున్నవారు రాసిన అనుభవాల్లో ఈ ఇబ్బంది కనిపించదు, ఎందుకంటే వారికి చాలా రేవుల్లో వీసా అక్కర్లేదు. వారి అనుభవాన్ని మనకు వర్తింపజేసుకోవడం దగ్గరే చాలామంది పొరపడుతున్నారు. ఇంకో చిన్న సలహా. పాస్‌పోర్టు తీసుకునేటప్పుడు మామూలు 36 పేజీలది కాకుండా 60 పేజీలది అడగండి. రేవు రేవుకూ ముద్ర పడితే చిన్న పుస్తకం త్వరగా నిండిపోతుంది.

ఇక వైద్యం. ఓడలో డాక్టరు, నర్సులు, కొన్ని మంచాలు, ఈసీజీ, ఎక్స్‌రే వంటివి ఉంటాయి. ఆ డాక్టరు పని ప్రధానంగా ప్రాణాన్ని నిలబెట్టి గట్టు మీది ఆసుపత్రికి అప్పగించడం. గుండె రక్తనాళంలో స్టెంటు వేయడం, పెద్ద శస్త్రచికిత్స చేయడం అక్కడ సాధ్యం కాదు. డయాలిసిస్ అవసరమైనవారికి సాధారణ విహార నౌక పనికిరాదు. కొండపల్లిలో అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే గంట లోపు బెజవాడ ఆసుపత్రిలో ఉండవచ్చు. అట్లాంటిక్ మధ్యలో వస్తే హెలికాప్టరు చేరగలిగే దూరానికి ఓడ రావడానికే రోజులు పట్టవచ్చు. మన ఆరోగ్య బీమాలు సాధారణంగా దేశం లోపలే చెల్లుతాయి. ప్రయాణ బీమా వేరుగా తీసుకోవాలి. అందులో ఒక్కసారికి ఎన్ని రోజులు, ఏ వయసు వరకు, ముందునుంచీ ఉన్న షుగరు, బీపీలకు వర్తిస్తుందా, ఓడ నుంచి తరలించే ఖర్చు ఇస్తారా అన్నవి అక్షరం అక్షరం చదవాలి. పిల్లల దగ్గరికి ఆరు నెలలకని వెళ్లేటప్పుడు మందులు, డాక్టరు చీటీ, పచ్చళ్లు సర్దుకోవడంలో మన జిల్లాలో అందరికీ అనుభవముంది. ఆ అనుభవం ఇక్కడ పనికొస్తుంది, ఆవకాయ విషయంలో తప్ప. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వంటి దేశాల్లో తినుబండారం ఏది గట్టు మీదికి తెచ్చినా ముందే చెప్పి చూపించాలి.

చిరునామా సంగతి చాలామందికి తట్టదు. ఓడకు పిన్‌కోడ్ లేదు. బ్యాంకు ఖాతాకు, పాస్‌పోర్టుకు, ఆధార్‌కు గట్టు మీద ఒక ఇల్లు కావాలి. పింఛను కోసం ఏడాదికొకసారి ఇచ్చే జీవన ధ్రువపత్రాన్ని ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపించి ఇవ్వవచ్చు. కానీ ఓటీపీ రావడానికి మన ఫోన్ నంబరు బతికి ఉండాలి. దేశం బయట ఉంటే పన్ను తప్పుతుందనుకోవడమూ సరికాదు. 2020లో ఆదాయపు పన్ను చట్టంలో ఒక మార్పు వచ్చింది. విదేశీ సంపాదన కాకుండా 15 లక్షల రూపాయలు దాటిన ఆదాయం ఉండి, మరే దేశంలోనూ నివాసిగా పన్ను పరిధిలో లేని భారత పౌరుణ్ణి చట్టం ఇక్కడి నివాసిగానే లెక్కిస్తుంది. ఏ దేశంలోనూ స్థిరంగా ఉండని ఓడ నివాసికి ఇది సరిగ్గా వర్తించే నిబంధన.

గట్టు కళ్లెదుట ఉన్నంత మాత్రాన అందుబాటులో ఉన్నట్టు కాదని 2020 ఫిబ్రవరిలో ప్రపంచం చూసింది. ‘డైమండ్ ప్రిన్సెస్’ ఓడ యోకొహామా రేవులోనే ఉంది. అందులోని 3,711 మందిని దిగనివ్వలేదు. 700 మందికి పైగా కోవిడ్ సోకింది. ఓడలో 138 మంది భారతీయులుంటే, వారిలో 132 మంది సిబ్బంది. ఆ నెల 27న 119 మందిని ఎయిరిండియా విమానంలో ఢిల్లీకి తీసుకొచ్చారు.

ఆ 132 సంఖ్య దగ్గర కొంచెం ఆగాలి. ఓడల్లో నిజంగా ఏళ్ల తరబడి బతికేది ఈ కార్మికులే. ఇద్దరో నలుగురో ఒకే గదిలో, ఆరు నుంచి తొమ్మిది నెలల ఒప్పందాల మీద ఉంటారు. వారి కోసం 2006లో ఒక అంతర్జాతీయ కార్మిక ఒప్పందం కుదిరింది, భారతదేశం 2015లో దాన్ని ఆమోదించింది. దాని ప్రకారం 24 గంటల్లో కనీసం 10 గంటల విశ్రాంతి ఇవ్వాలి. ఏ నావికుణ్ణీ ఏడాది పాటు వరసగా ఓడలో ఉంచకూడదు. యజమాని ఖర్చుతో ఇంటికి పంపాలి. సముద్రాన్ని వృత్తిగా ఎంచుకున్నవారికి కూడా ఏడాది తిరగకముందే గట్టు చూపించాలని చట్టం నిర్ణయించింది. డెబ్బై ఏళ్ల ప్రయాణికుడికి అలాంటి హక్కు ఏ చట్టంలోనూ లేదు. ఆ ఏర్పాటు అతనే చేసుకోవాలి.

చేసుకోనివారికి ఏమైందో ఇటీవలి రెండు ఉదాహరణలు చెబుతాయి. ‘లైఫ్ ఎట్ సీ’ పేరుతో మూడేళ్ల యాత్ర 2023 నవంబరు 1న ఇస్తాంబుల్ నుంచి బయలుదేరవలసి ఉంది. వాయిదా పడి, అదే నెలలో రద్దయింది. యాత్ర ప్రకటించిన సంస్థ చేతిలో దానికి తగిన ఓడ లేదు. కొనాలనుకున్న ఓడను మరో సంస్థ కొనుక్కుంది. అప్పటికే ఇళ్లు అమ్మేసినవారు, అద్దెకిచ్చేసినవారు అందులో ఉన్నారు. ‘విల్లా వీ ఒడిస్సీ’ అనే ఓడ యాత్ర 2024 మే నెలలో మొదలుకావాలి. చుక్కాని ఇరుసులు, గేర్‌బాక్సు మరమ్మతులతో బెల్‌ఫాస్ట్‌లో సుమారు నాలుగు నెలలు నిలిచిపోయాక బయలుదేరింది. అది 1993లో ‘క్రౌన్ డైనస్టీ’గా మొదలై, తర్వాత ‘బ్రేమర్’ సహా చాలా పేర్లు మారిన పాత ఓడ.

కాబట్టి కొండపల్లి మిత్రులకు నేను చెప్పేది ఇది. ఇష్టముంటే మూడు నెలలు వెళ్లండి, ఆరు నెలలు వెళ్లండి. ఇల్లు మాత్రం అమ్మవద్దు. తాళం నమ్మకమైనవారికి అప్పగించి వెళ్లండి. అడ్వాన్సు కట్టేముందు ఓడ పేరుతో పాటు దాని ఐఎమ్ఓ సంఖ్య అడగండి. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ప్రతి ప్రయాణికుల ఓడ ఒంటి మీదా చెరగకుండా ఉండవలసిన ఏడంకెల గుర్తు అది. పేరు మారినా, యజమాని మారినా, జెండా మారినా ఆ ఏడంకెలు మారవు. వాటిని బట్టి ఓడ ఎప్పుడు కట్టినదో, ఇప్పుడు ఎవరిదో వెతికి తెలుసుకోవచ్చు. ఆ సంఖ్య చెప్పలేనివారికి ఒక్క రూపాయి కూడా కట్టకండి.