బండి మారింది, చేతులు మారలేదు



ఈ పత్రికలో మామూలుగా షుగరు గురించి, రక్తపోటు గురించి, బాలింతల ఆహారం గురించి వ్రాస్తూ ఉంటాము. ఈసారి మోటారు సైకిలు గురించి వ్రాస్తున్నాను. సిస్టరమ్మకు మోటారు సైకిళ్ళతో ఏం పని అని నవ్వుకోకండి. మా కాజువాలిటీకి దెబ్బలతో వచ్చే యౌవనస్థులలో చాలామంది బండి మీద నుండి పడినవారే. వారిలో ఒక రకం వారిని చూసినప్పుడల్లా, ఈ మాట ముందే ఎవరైనా వీరి ఇంట్లో చెప్పి ఉంటే బాగుండేది కదా అనిపిస్తుంది. అందుకే ఈ వ్యాసం.

కొన్ని నెలల క్రిందట ఒక రాత్రి ఇరవై ఆరేళ్ళ అబ్బాయిని తీసుకొచ్చారు. తలకు దెబ్బ తగిలింది, కుడి తొడ ఎముక విరిగింది. ఐ.సి.యు. బయట బెంచీ మీద కూర్చున్న అతని తల్లి నా చేయి పట్టుకొని ఒకే మాట పదే పదే అన్నది. "ఎనిమిదేళ్ళ నుంచి బండి తోలుతున్నాడు సిస్టరమ్మా. ఒక్కసారి కూడా పడలేదు. ఇప్పుడెలా పడ్డాడు?"

"ఇదే బండా అమ్మా?" అని అడిగాను.

"కాదమ్మా, కొత్తది. పెద్ద బండి. కొని పంతొమ్మిది రోజులైంది."

ఆ అబ్బాయి బ్రతికాడు. హెల్మెట్టు పెట్టుకొని, దాని బెల్టు కూడా బిగించుకొని ఉండడం అతన్ని కాపాడింది. ఇప్పుడు చేతికర్ర సాయంతో నడుస్తున్నాడు. "నా బిడ్డ సంగతి వ్రాయండి, ఇంకొక తల్లికి ఉపయోగపడుతుంది" అని ఆమె అన్నది కాబట్టే ఇక్కడ వ్రాస్తున్నాను. ఆమె అడిగిన ప్రశ్నకు ఆ రాత్రి నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

ఎనిమిదేళ్ళ అనుభవం ఏమైంది?

ఆ ఎనిమిదేళ్ళ అనుభవం నిజమే. కానీ అది పాత బండి మీది అనుభవం. అమెరికాలోని లాస్ ఏంజిలస్ ప్రాంతంలో జరిగిన 900 మోటారు సైకిలు ప్రమాదాలను హ్యారీ హర్ట్ అనే ఆచార్యుడు, ఆయన బృందం ఒక్కొక్కటిగా పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చారు. ప్రమాదానికి గురైన వారిలో సగానికి పైగా ఆ బండిని నడపడం మొదలుపెట్టి ఐదు నెలలు కూడా కాలేదు. మొత్తం మీద చూస్తే వారికి రోడ్డు మీద దాదాపు మూడేళ్ళ అనుభవం ఉంది.

న్యూజిలాండ్ దేశంలో ఆక్లాండ్ ప్రాంతపు పరిశోధకులు కూడా ఇదే సంగతిని పరిశీలించి 2000 సంవత్సరంలో ప్రచురించారు. ఎన్నేళ్ళుగా బండి నడుపుతున్నారు అన్నదాని కంటే, తమ క్రింద ఉన్న ఆ బండితో ఎంత పరిచయం ఉంది అన్నదే వారిని ఎక్కువగా కాపాడిందని తేలింది. అదే బండి మీద 10,000 కిలోమీటర్లు దాటిన వారికి, వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగని వారితో పోలిస్తే, గాయపడే అవకాశం దాదాపు సగమే ఉంది.

అంటే పెద్ద బండి ఎక్కిన రోజున మనము మళ్ళీ ఒకటో తరగతిలో చేరినట్టే. కానీ పదో తరగతి పాసైనవారిలాగా నడుపుతాము. ప్రమాదం అక్కడే ఉన్నది.

చేతులకు తెలియని మూడు సంగతులు

మొదటిది బరువు. మన ఇళ్ళలో ఉండే స్ప్లెండర్ వంటి 100 సీసీ బండి సుమారు 110 కిలోలు ఉంటుంది. బుల్లెట్, క్లాసిక్ వంటి 350 సీసీ బండి సుమారు 195 కిలోలు. అంటే ఎప్పుడూ వెనుక ఒక లావుపాటి మనిషిని కూర్చోబెట్టుకొని తిరుగుతున్నట్టు లెక్క. చిన్న బండి ప్రక్కకు ఒరిగితే కాలు ఆనించి ఆపుకుంటాము. పెద్ద బండి ఒక హద్దు దాటి ఒరిగితే కాలు ఆపలేదు, కాలే దాని క్రింద పడుతుంది.

రెండవది వేగం. చిన్న బండిలో సుమారు 8 హార్సుపవరు ఉంటుంది, 350 సీసీ బండిలో 20. చిన్న బండి అరవై దాటితే అదురుతుంది, హ్యాండిలు వణుకుతుంది, ఇంజను మొర పెడుతుంది. అదే మనకు హెచ్చరిక. పెద్ద బండి ఎనభైలో కూడా హాయిగా పోతుంది. చెవికి, చేతికి నలభైలాగే ఉంటుంది. కానీ వేగం నలభై నుండి ఎనభైకి రెట్టింపు అయితే, గుద్దుకున్నప్పటి దెబ్బలోని శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. బ్రేకు వేసిన తరువాత ఆగడానికి పట్టే దూరం కూడా నాలుగింతలే. ఎనభైలో ఉన్న బండి ఒక్క సెకనులో 22 మీటర్లు పోతుంది. రోడ్డు మీద గేదె కనబడి చేయి బ్రేకు మీదికి పోయేలోగా ఆ 22 మీటర్లు అయిపోతాయి.

మూడవది బ్రేకు. మన ప్రాంతంలో చాలామంది వెనుక బ్రేకు ఒక్కటే వాడతారు. "ముందు బ్రేకు పట్టుకుంటే బోర్లా పడతావురా" అని పెద్దలు నేర్పారు. డ్రమ్ము బ్రేకుల చిన్న బండి మీద, ముప్పై నలభై వేగంలో అది ఎలాగో సాగింది. బండిని ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. దానిని వదిలి కాలితో వెనుక బ్రేకు గట్టిగా తొక్కితే బరువైన బండి వెనుక చక్రం జారిపోతుంది. హర్ట్ గారి నివేదికలో కూడా ఇదే తప్పు ఎక్కువగా కనబడింది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుండి అమ్మిన 125 సీసీ పైబడిన కొత్త బండ్లకు ఏ.బి.ఎస్. అనే ఏర్పాటు ఉంటుంది. బ్రేకు గట్టిగా పట్టినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా అది చూస్తుంది. కొన్ని బండ్లలో అది ముందు చక్రానికి మాత్రమే ఉంటుంది. ఇసుక లారీ ఇసుక రాల్చుకుంటూ పోయిన చోట, ధాన్యం ఆరబోసిన రోడ్డు మీద ఏ ఏర్పాటూ బండిని వెంటనే ఆపలేదు.

మా ఇంట్లో జరిగింది

ఇన్ని చెబుతున్నానే గాని, ఈ పాఠం నేను కూడా మా ఇంట్లోనే నేర్చుకున్నాను. మా అబ్బాయి ఆరేళ్ళు వాళ్ళ నాన్నగారి 100 సీసీ బండి నడిపాడు. ఉద్యోగం వచ్చాక తన జీతంతో వాయిదాల మీద 350 సీసీ బండి తీసుకున్నాడు. ఆదివారం ఆరాధన అయిన తరువాత గుడి ఆవరణలో పాస్టరు గారు బండి మీద చేయి ఉంచి ప్రార్థన చేశారు. అందరము ఆమేన్ అన్నాము. "పిన్నీ, ఎక్కు, ఒక చుట్టు తిప్పి తీసుకొస్తాను" అని మా చెల్లెలిని ఎక్కించుకున్నాడు. ఆమె పట్టుచీర కట్టుకొని ఒక ప్రక్కకు కూర్చున్నది.

వేప చెట్టు దగ్గర వెనుకకు తిప్పుతున్నాడు. వేగం ఏమీ లేదు, నడిచే మనిషంత. హ్యాండిలు పూర్తిగా తిరిగి ఉండగా, చిన్నపిల్ల అడ్డం వచ్చిందని ముందు బ్రేకు పట్టాడు. బండి కుడి ప్రక్కకు ఒరిగింది. పాత అలవాటు కొద్దీ కాలు ఆనించాడు. కంకర మీద కాలు జారింది. అంతే. చెల్లెలు చేయి నేలకు ఆనించి పడితే మణికట్టు ఎముక విరిగి ఆరు వారాలు సిమెంటు కట్టు వేయవలసి వచ్చింది. వాడి పిక్క సైలెన్సరు క్రింద చిక్కుకొని కాలింది. ఆమేన్ చెప్పి పది నిమిషాలు కాలేదు.

ఆ సాయంత్రం నాకు తట్టిన మాట ఇది. బండికి ప్రార్థన చేయించాము, మంచిదే. చేతులకు తర్ఫీదు ఇప్పించలేదు.

మా నర్సింగులో ఒక పద్ధతి ఉన్నది. జనరల్ వార్డులో పదేళ్ళు మంచి పేరు తెచ్చుకున్న సిస్టరునైనా ఐ.సి.యు.లో వేసిన రోజున ఒంటరిగా వదలము. ఒక సీనియరు ప్రక్కన ఉంటుంది. మొదట తేలికైన పేషెంట్లను ఇస్తాము, పగటి డ్యూటీ వేస్తాము, నైట్ డ్యూటీ తరువాత వేస్తాము. ఆమె పనిమంతురాలు కాదని కాదు. మిషన్లు కొత్త, అలారాలు కొత్త. ఇంత జాగ్రత్త ఆసుపత్రిలో తీసుకొనే నేను, నా కన్నకొడుకు విషయంలో తాళంచెవి చేతికిచ్చి ఊరుకున్నాను.

యూరపు దేశాలలో ఈ మెట్లను చట్టమే పెట్టింది. 2013 జనవరి నుండి అక్కడ చిన్న బండికి, మధ్యరకం బండికి, పెద్ద బండికి వేరువేరు లైసెన్సులు అమలులోకి వచ్చాయి. మధ్యరకం బండి రెండేళ్ళు నడిపిన వారికే ఇరవై ఏళ్ళ వయసులో పెద్ద బండికి పరీక్ష. అలా రానివారు ఇరవై నాలుగేళ్ళు నిండేదాకా ఆగాలి. మన దేశంలో గేరు బండి లైసెన్సు ఒక్కటే. 100 సీసీకి తీసుకున్న కార్డుతోనే ఎంత పెద్ద బండైనా నడపవచ్చు. చట్టం మెట్లు పెట్టలేదు గనుక ఇంటివారే పెట్టుకోవాలి.

మేము పెట్టుకున్న మెట్లు

మా అబ్బాయి కాలు మానిన తరువాత తల్లీ కొడుకులము కూర్చొని కాగితం మీద వ్రాసుకున్నవి ఇవి.

1. మొదటి వారం తెల్లవారుజామున ఖాళీ మైదానంలోనే. ఇంజను ఆపి బండిని తోయడం, స్టాండు వేయడం, తీయడం ముందు రావాలి. తరువాత నెమ్మదిగా మలుపులు, రెండు వైపులకూ. హ్యాండిలు తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు ముట్టకూడదు. క్లచ్చు సగం పట్టి, వెనుక బ్రేకు తేలికగా వాడాలి.

2. తిన్నని పొడి రోడ్డు మీద, వెనుక ఎవరూ రానప్పుడు, ఇరవైలో, తరువాత ముప్పైలో, తరువాత నలభైలో బ్రేకు వేసి చూడాలి. రెండు బ్రేకులూ కలిపి వేయాలి. ముందు బ్రేకును ఒక్కసారిగా లాగక, నిమ్మకాయ పిండినట్టు క్రమంగా బిగించాలి.

3. మొదటి వెయ్యి కిలోమీటర్లు వెనుక ఎవరినీ ఎక్కించుకోకూడదు. రాత్రి వద్దు, వాన వద్దు, హైవే వద్దు. కొత్త ఇంజనును కొన్నాళ్ళు నెమ్మదిగా నడపమని షోరూమువారు చెబుతారు కదా. ఇనుముకే అలవాటు పడే కాలం కావాలంటే మనిషికి వద్దా?

4. చెవిని నమ్మక మీటరును చూడాలి. పాత బండి మీద ఎంత వేగంలో పోయేవాడో, ఈ వెయ్యి కిలోమీటర్లలో అంతకు మించకూడదు.

5. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్న హెల్మెట్టు, గడ్డం క్రింద బిగించిన బెల్టు, కాలికి బూట్లు. వెనుక కూర్చొనేవారికి కూడా హెల్మెట్టు ఉండాలి. ఎన్నో పరిశోధనలను కలిపి చూసి 2008లో ప్రచురించిన సమీక్షలో, హెల్మెట్టు వలన మరణం 42 శాతం, తలకు గాయం 69 శాతం తగ్గుతాయని తేలింది.

మొదట వాడు ముఖం ముడుచుకున్నాడు. "అమ్మా, నా స్నేహితులు నవ్వుతారు" అన్నాడు. "మీ పిన్ని చేతి కట్టు చూసి నవ్వమను" అన్నాను. ఇక మాట్లాడలేదు. ఆ వెయ్యి కిలోమీటర్లు పూర్తి చేయడానికి రెండు నెలలు పట్టింది. పూర్తయిన మరుసటి ఆదివారం, కట్టు విప్పిన చేతితోనే చెల్లెలు హెల్మెట్టు పెట్టుకొని మళ్ళీ ఆ బండి ఎక్కింది.

సైలెన్సరు కాలితే

వెంటనే కుళాయి నీటి ధార క్రింద 20 నిమిషాలు ఉంచండి. ఐసు పెట్టవద్దు. టూత్‌పేస్టు, సిరా, కాఫీ పొడి, పిండి ఏదీ పూయవద్దు. మేము ముందు వాటిని కడగవలసి వస్తుంది, ఆ బాధ కాలిన బాధ కంటే ఎక్కువ. పట్టీలు ఉంటే వాపు రాకముందే తీసివేయండి. బొబ్బలు చిదమకండి. శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి రండి. షుగరు ఉన్నవారు చిన్న గాయమైనా ఆలస్యం చేయకండి.

ఎవరైనా బండి మీద నుండి పడి తలకు, మెడకు దెబ్బ తగిలితే లేపి కూర్చోబెట్టకండి, నీళ్ళు త్రాగించకండి, హెల్మెట్టు బలవంతంగా లాగకండి. 108కి ఫోను చేయండి. సహాయం చేసినవారిని ఇబ్బంది పెట్టకూడదని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో ఉన్నది. భయపడకండి.

తల్లిదండ్రులకు ఒక మాట

పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలకు గేరు బండి ఇవ్వకండి. వారు నడిపి నేరం జరిగితే, అదే 2019 సవరణ ప్రకారం తండ్రికి లేక సంరక్షకునికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నది. పెద్దవాడైన కొడుకు పెద్ద బండి అడిగితే వెంటనే కాదనకండి. కాదంటే స్నేహితుని బండి అడిగి తీసుకొని నడుపుతాడు, అది మరీ కొత్త. సరే అనండి, బండితో పాటు మెట్లు కూడా వ్రాసి ఇవ్వండి. షోరూములో లక్షలు కట్టే మనము రెండు నెలల ఓపిక కట్టలేమా?

ఆ రాత్రి ఐ.సి.యు. బయట తల్లి అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇదే. అమ్మా, మీ అబ్బాయి ఎనిమిదేళ్ళు నడిపిన బండి వేరు. ఈ బండి మీద అతని వయసు పంతొమ్మిది రోజులే.

ప్రతి ప్రయాణములోను ప్రభువు మీకు తోడైయుండి, మీ పిల్లలను క్షేమముగా ఇంటికి చేర్చును గాక. ఆమేన్.

ప్రభువు సేవలో,
నర్సింగ్ సూపరింటెండెంట్