సంజ్ఞానామములు – పర్యాయపద పరివర్తనము

వాక్యమందలి పదములకు మారుగా పర్యాయపదములను నిలిపి, అర్థము చెడకుండ తిరిగి వ్రాయుట భాషాభ్యాసమున ప్రసిద్ధమైన పద్ధతి. ఇందు సంజ్ఞానామములను మార్పరాదను నియమము కలదు. దాని హేతువు నిచ్చట విచారింతము.

'శామీర్‌పేటలో పెద్ద చెరువు కలదు' అను వాక్యమును 'శామీర్‌పేటయందు విశాలమైన తటాకమున్నది' అని మార్పవచ్చును. చెరువు, తటాకము అను రెండును ఒకే జాతిని బోధించుచున్నవి. కాని 'పేట'కు మారుగా 'పురము' నుంచి 'శామీర్‌పురము' అన్నచో ఆ ఊరు చదువరికి దొరకదు. 2016లో ఏర్పడిన మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లా పేరున 'గిరి'ని 'కొండ' చేసినను ఇంతియే. సంజ్ఞ అవయవార్థముచేత గాక రూఢిచేత వస్తువును చూపును. 'మేడ్చల్' అను పేరును మార్ప నెవ్వరికిని తోచదు. అవయవములు తెలియుచున్న పేళ్లయందే పొరపాటునకు తావెక్కువ.

మన పూర్వులు ఓరుగల్లును ఏకశిలానగర మనలేదా యని శంక కలుగవచ్చును. అనిరి, అదియు రూఢమై రెండవ సంజ్ఞ యైనది. అయినను చిక్కు తప్పలేదు. కడపకు చేరువనున్న ఒంటిమిట్టకును ఏకశిలానగర మను పేరు కలదు. అందుచే పోతన పేర్కొనిన ఏకశిలానగర మీ రెంటిలో నేదియను వివాదము పండితులలో చిరకాలము సాగినది. ఊరిపేరు సంస్కృతీకరింపబడుటచే మహాకవి నివాసమే సందేహమున బడినది.

కావున వాక్యమును మార్పబూనువారు తొలుత సంజ్ఞలను వేరుపరుపవలయునని మా యభిప్రాయము. 'శామీర్‌పేట చెరువు' అనుచోట చెరువును మార్పవచ్చును, పేటను ముట్టరాదు.